తేనెటీగ, ఫ్లీ, బొద్దింక అన్నిటికీ అలర్జీ అని వచ్చిన కుక్కకు ఒకే ఇమ్యునోథెరపీ చేయించవచ్చా?

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ నాలుగేళ్ల లాబ్రడార్ బ్రూనోను తేనెటీగ కుట్టింది. పది నిమిషాల్లోనే వాంతి చేసుకుని, విరేచనమై, కాళ్లు తేలేసి పడిపోయాడు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లబట్టి బతికాడు. అది కాక ఏడాదిగా తోక మొదట్లో కొరుక్కుంటూనే ఉన్నాడు. ఇప్పుడు రక్త పరీక్షలో తేనెటీగ, ఫ్లీ (కుక్క రక్తం పీల్చే చిన్న పురుగు), బొద్దింక, డస్ట్ మైట్ (ఇంటి దుమ్ములో ఉండే అతి చిన్న జీవి) అన్నీ పాజిటివ్ వచ్చాయి. నాలుగూ కలిపి ఒకే అలర్జీ వ్యాక్సిన్ తయారు చేయిస్తామంటున్నారు. చేయించాలా, ఎన్నాళ్లు చేయించాలి, అందులో ప్రమాదం ఉందా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. తేనెటీగ విషానికి ఇమ్యునోథెరపీ, అంటే అలర్జీ తెచ్చేదాన్నే కొద్దికొద్దిగా ఇచ్చి ఒళ్లు తట్టుకునేలా చేసే వైద్యం, తప్పకుండా చేయించండి. ఫ్లీకి వద్దు. బొద్దింక, డస్ట్ మైట్ల సంగతి ఇప్పుడే తేల్చకండి. నాలుగూ కలిపిన సీసాకు మాత్రం ఒప్పుకోకండి.

నేను కుక్కల చర్మ వ్యాధులు, అలర్జీలే చూస్తాను. ఈ నాలుగూ ఒకే కాగితం మీద ఒకదాని కింద ఒకటి అచ్చయి రావడం వల్ల ఒకే జబ్బులా కనిపిస్తాయి. నిజానికి ఇవి మూడు వేర్వేరు జబ్బులు. ఒకటి నిమిషాల్లో ప్రాణం తీయగలదు. ఒకటి ఫ్లీలను పూర్తిగా ఆపేస్తే నయమవుతుంది. మూడోది ఏళ్ల తరబడి దురదగా సాగుతుంది. వైద్యం కూడా మూడింటికీ వేరు.

ముందు తేనెటీగ సంగతి, ఎందుకంటే ప్రాణం మీదికి వచ్చేది అదే.

తేనెటీగ కుడితే చాలా కుక్కలకు మూతి వాస్తుంది, కాసేపు ముక్కుతూ తిరుగుతాయి, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. మూతి ఎంత వాచినా, వాపు కుట్టిన చోటు వరకే ఉంటే ఇమ్యునోథెరపీ అక్కర్లేదు. బ్రూనోకు జరిగింది అది కాదు, అనఫిలాక్సిస్, అంటే ఒళ్లంతటినీ ఒక్కసారిగా దెబ్బతీసే తీవ్రమైన అలర్జీ రియాక్షన్. మనుషుల్లో దీని దెబ్బ ఎక్కువగా గొంతు, ఊపిరితిత్తుల మీద పడుతుంది. కుక్కల్లో మొదటి దెబ్బ కాలేయానికి, పేగులకు తగులుతుంది. పేగుల్లోని, కాలేయంలోని మాస్ట్ కణాల (అలర్జీని రేపే రోగనిరోధక కణాలు) నుంచి హిస్టమిన్ అనే రసాయనం ఒక్కసారిగా వెలువడుతుంది. కాలేయం నుంచి రక్తం బయటికి వెళ్లే దారి బిగుసుకుపోయి రక్తం అక్కడే నిలిచిపోతుంది, గుండెకు చేరేది తగ్గిపోతుంది, బీపీ పడిపోతుంది. అందుకే ఒంటి మీద ఒక్క దద్దురు కూడా లేకుండా వాంతి, విరేచనం, ఒక్కోసారి రక్త విరేచనం అయి కుక్క కూలిపోతుంది. దద్దుర్లు లేవు కాబట్టి అలర్జీ కాదు, ఏదో తిని ఉంటుంది అనుకుని ఇంట్లోనే ఆగిపోయేవాళ్లు చాలామంది. మీరు ఆగలేదు, అదే వాడిని బతికించింది.

ఆ రోజు ఆస్పత్రిలో అల్ట్రాసౌండ్ చేసి ఉంటే పిత్తాశయం గోడ వాచిందో లేదో అడిగి తెలుసుకోండి. అలాగే కాలేయ ఎంజైమ్ ఏఎల్‌టీ ఎంత ఉందో చూడండి. ఈ రెండూ పెరిగి ఉంటే అది అనఫిలాక్సిసే అనడానికి బలమైన ఆధారం. ఇమ్యునోథెరపీ మొదలుపెట్టే డాక్టర్‌కు ఈ కాగితాలు చాలా పనికొస్తాయి.

ఇలాంటి రియాక్షన్ ఒకసారి వచ్చిన కుక్కకు మళ్లీ కుట్టినప్పుడు ఏమవుతుందో ఎవరూ ముందే చెప్పలేరు. తేలిగ్గా పోవచ్చు, ఇంకా తీవ్రంగానూ రావచ్చు. తోటలో ముక్కుతో వాసన పట్టుకుంటూ తిరిగే జంతువును తేనెటీగలకు పూర్తిగా దూరంగా ఉంచడం జరిగే పని కాదు. అందుకే ఇక్కడ ఇమ్యునోథెరపీ చేయించమని నేను గట్టిగా చెబుతున్నాను.

అది పనిచేసే తీరు చూద్దాం. ఏ విషానికి అలర్జీ ఉందో దాన్నే అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, క్రమంగా పెంచుకుంటూ చర్మం కిందికి ఇస్తారు. ఒంటికి మెల్లగా సహనం అలవడుతుంది. రోగనిరోధక వ్యవస్థలో ఉద్రేకాన్ని అణచే టి కణాలు పెరుగుతాయి, విషాన్ని ముందే పట్టుకుని అడ్డుకునే ఐజీజీ యాంటీబాడీలు తయారవుతాయి, మాస్ట్ కణాలు అంత సులువుగా పేలవు. 1911లో లెనార్డ్ నూన్ గడ్డి పుప్పొడితో మనుషుల్లో మొదలుపెట్టిన పద్ధతికి మూలం ఇదే. కీటకాల విషం విషయంలో మాత్రం చాలాకాలం ఒక పొరపాటు నడిచింది. తేనెటీగలను మొత్తంగా నూరి తీసిన సారాన్నే మందుగా ఇచ్చేవారు. 1978లో మనుషుల మీద జరిగిన ఒక పరీక్షలో స్వచ్ఛమైన విషాన్ని, మొత్తం పురుగు సారాన్ని, ఉత్తుత్తి మందును పక్కపక్కన పెట్టి చూశారు. విషం కాపాడింది. మొత్తం పురుగు సారం ఉత్తుత్తి మందు కంటే మెరుగ్గా ఏమీ చేయలేదు.

మీకు ఇస్తామన్న సీసా గురించి నా మొదటి అనుమానం ఇక్కడే. అందులో తేనెటీగ 'విషం' ఉందా, లేక తేనెటీగ 'సారం' ఉందా అని నోరు తెరిచి అడగండి. సారం అయితే అది బ్రూనోను కాపాడదు. పైగా ఇంజెక్షన్లు నడుస్తున్నాయి కదా అని మీరు ధైర్యంగా ఉంటారు, ఆ ధైర్యమే ప్రమాదం. దీనికి ఒక మినహాయింపు ఉంది. ఫైర్ యాంట్స్ అనే కుట్టే ఎర్రచీమల విషయంలో మొత్తం చీమ సారంలోనే విషం ప్రోటీన్లు తగినంత మిగులుతాయి కాబట్టి అది పనిచేస్తుంది.

తర్వాత, కుట్టింది తేనెటీగే అని మీకు ఎలా తెలిసింది? ముల్లు చర్మంలో ఇరుక్కుని కనబడిందా? తేనెటీగ అయితే ముల్లు వదిలేసి పోతుంది, కందిరీగ సాధారణంగా వదలదు. రెండింటి విషాలూ వేరు. తేనెటీగ విషంలో ఫాస్ఫోలిపేస్ ఎ2, మెలిటిన్ ముఖ్యమైనవి. కందిరీగలో ఆంటిజెన్ 5 అనే మరో ప్రోటీన్ పెద్ద పాత్ర వహిస్తుంది. ఒకదానికి చేయించిన ఇమ్యునోథెరపీ రెండోదాని నుంచి కాపాడుతుందని నమ్మలేం. ముల్లు చూడకపోతే రెండు విషాలతోనూ చర్మ పరీక్ష చేయించాలి.

ఆ పరీక్షకు సరైన సమయం కూడా ముఖ్యం. పెద్ద రియాక్షన్ అయిన వెంటనే కొన్ని వారాలు చర్మం స్పందించకుండా మొద్దుబారి ఉంటుంది. అప్పుడు పరీక్షిస్తే నెగెటివ్ రావచ్చు, దాన్ని నమ్మితే ప్రమాదం. కుట్టిన తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి చేయడం మంచిది. ఆలోగా యాంటీహిస్టమిన్లు, స్టెరాయిడ్లు నడుస్తుంటే ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టర్‌ను అడగండి. స్టెరాయిడ్‌ను మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపవద్దు.

రక్త పరీక్ష ఒక్కదాన్నే పట్టుకుని నిర్ణయం తీసుకోకండి. మొక్కల పుప్పొడిలోనూ కీటకాల విషంలోనూ పోలిక ఉన్న చక్కెర గొలుసులు ఉంటాయి. వాటికి యాంటీబాడీలు ఉన్న కుక్కకు కాగితం మీద తేనెటీగ పాజిటివ్ వస్తుంది, కుడితే మాత్రం ఏమీ కాదు. ఎప్పుడూ రియాక్షన్ రాని కుక్క రిపోర్టులో తేనెటీగ పాజిటివ్ ఉందని విషం ఇంజెక్షన్లు కావాలని వచ్చినవారిని నేను తిప్పి పంపించాను. బ్రూనో విషయం వేరు. వాడికి జరిగిందే అసలు ఆధారం, పరీక్ష దానికి తోడు మాత్రమే.

చికిత్స రెండు రకాలుగా చేస్తారు. మామూలు పద్ధతిలో వారానికోసారి పెంచుకుంటూ కొన్ని నెలల్లో పూర్తి మోతాదుకు చేరతారు. రష్ పద్ధతిలో ఆస్పత్రిలో ఉంచి, సెలైన్ గొట్టం పెట్టి, ఒకటి రెండు రోజుల్లోనే చాలా మోతాదులు ఇచ్చి త్వరగా పైకి తీసుకెళ్తారు. పూర్తి మోతాదు సాధారణంగా 100 మైక్రోగ్రాములు. ఒక తేనెటీగ ఒక్కసారి కుడితే ఎక్కేది దాదాపు 50 మైక్రోగ్రాములు, అంటే రెండు కాట్ల విషానికి ఒళ్లు తట్టుకునేలా చేస్తారన్నమాట. ఆ తర్వాత నాలుగు వారాలకోసారి అదే మోతాదు, కొంతకాలం గడిచాక ఆ వ్యవధిని పెంచుకుంటూ పోతారు.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో తీవ్రమైన రియాక్షన్ అయిన కుక్కలకు, ఇల్లు తోటల మధ్య ఉండి మళ్లీ కుట్టే అవకాశం ఎక్కువున్న కుక్కలకు నేను రష్ పద్ధతే ఎంచుకుంటాను. నెలల తరబడి రక్షణ లేకుండా ఉండడం కంటే అది నయం. ఒక బీగల్ రెండుసార్లు కూలిపోయాక నా దగ్గరికి వచ్చింది. రష్ పద్ధతిలో మధ్యలో ఒకసారి ముఖమంతా దద్దుర్లు లేచాయి. ఒక మోతాదు వెనక్కి వెళ్లి, నిదానంగా మళ్లీ పెంచాం. తర్వాత ఏడాది దాన్ని ముంగాలి మీద తేనెటీగ కుట్టింది. కాలు వాచింది, అంతే. ఆ ఫోన్ వచ్చినప్పుడు నాకు కలిగిన ఆనందం అంతా ఇంతా కాదు.

ప్రమాదం ఉందా అంటే, ఉంది. ఏ విషం వల్ల కూలిపోయిందో దాన్నే ఇస్తున్నాం కాబట్టి ఇంజెక్షన్ వల్లే రియాక్షన్ రావచ్చు. అందుకే విషం ఇంజెక్షన్లను ఇంట్లో వేయకూడదు. ఎపినెఫ్రిన్ (అడ్రినలిన్, పడిపోయే బీపీని నిలబెట్టే మందు), ఆక్సిజన్, సెలైన్ చేతిలో సిద్ధంగా ఉన్న చోటే వేయించాలి. వేశాక కనీసం అరగంట, మొదట్లో అంతకంటే ఎక్కువసేపు అక్కడే ఉండాలి. బ్రూనో గుండె జబ్బుకు బీటా బ్లాకర్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, వాటివల్ల ఎపినెఫ్రిన్ సరిగా పనిచేయదు. ఫలితం సంగతి: మనుషుల్లో తేనెటీగ విషానికి ఇది దాదాపు పదిమందిలో ఎనిమిదిమందిని, కందిరీగ విషానికి పదిమందిలో తొమ్మిదిమందికి పైగా కాపాడుతుంది. కుక్కల్లో నమోదైన అనుభవం తక్కువే అయినా, మళ్లీ కుట్టించుకున్నవాటిలో ఎక్కువ భాగం పెద్ద రియాక్షన్ లేకుండా బయటపడ్డాయి. మనుషుల్లో మూడు నుంచి ఐదేళ్లు ఇస్తారు. కుక్క ఒకసారి ప్రాణం మీదికి తెచ్చుకుని ఉంటే ఐదేళ్లకు ముందు ఆపమని నేను చెప్పను. కొన్నిటికి జీవితాంతం కొనసాగించాను.

చికిత్స మొదలై పూర్తి మోతాదుకు చేరేదాకా ఎపినెఫ్రిన్ పెన్ (మందు నింపి సిద్ధంగా ఉండే ఇంజెక్షన్) ఇంట్లో ఉండాలి, వాకింగ్‌కు వెళ్లినా వెంట ఉండాలి. మోతాదు కిలోకు సుమారు 0.01 మిల్లీగ్రాము, తొడ కండరంలోకి. ముప్పై కిలోల లాబ్రడార్‌కు 0.3 మిల్లీగ్రాముల పెద్దల పెన్ సరిపోతుంది, చిన్న కుక్కకు అది ఎక్కువవుతుంది. మీ డాక్టర్ రాసిచ్చి, చేసి చూపించాకే వాడండి. మళ్లీ కుడితే ముందు ముల్లు తీసేయండి. గోటితో గీకారా, వేళ్లతో పట్టి లాగారా అన్నది ముఖ్యం కాదు, ఎంత త్వరగా తీశారన్నదే ముఖ్యం. వాంతి మొదలైనా, నీరసంగా కూలబడినా, చిగుళ్లు తెల్లబడినా పెన్ వేసి ఆస్పత్రికి పరిగెత్తండి. కాస్త తేరుకున్నాడని వెనక్కి రాకండి. కొన్ని గంటల తర్వాత రెండో దఫా రియాక్షన్ రావచ్చు, ఒక రాత్రి అక్కడే ఉంచడం మేలు. యాంటీహిస్టమిన్ మాత్ర దద్దుర్లకు పనికొస్తుంది, పడిపోతున్న బీపీని నిలబెట్టలేదు. ఇంట్లో ఆ మాత్ర ఉంది కదా అని పెన్ మానేయకండి.

ఇక తోక మొదట్లో కొరుక్కోవడం. నడుము కింది భాగం, తోక మొదలు, తొడల వెనుక. మీరు రాసిన చోటు చదవగానే నాకు ఫ్లీ అలర్జీ గుర్తొచ్చింది. ఫ్లీ అంటే రెక్కలు లేకుండా దూకుతూ తిరిగే చిన్న గోధుమరంగు పురుగు, పిడుదు కాదు. అది రక్తం పీల్చేటప్పుడు వదిలే లాలాజలంలోని ప్రోటీన్లకే అలర్జీ వస్తుంది. 'మా కుక్క మీద ఒక్క ఫ్లీ కూడా లేదు' అంటారు చాలామంది. అలర్జీ ఉన్న కుక్క తెగ కొరుక్కుని, నాకుకుని వాటిని మింగేస్తుంది కాబట్టి కనిపించవు. సన్నదువ్వెనతో దువ్వి, రాలిన నల్లటి పొడిని తడి తెల్లకాగితం మీద వేయండి. ఎర్రగా కరిగితే అది ఫ్లీ రెట్ట, అంటే జీర్ణమైన రక్తం.

దీనికి ఇమ్యునోథెరపీ ఎందుకు వద్దంటున్నానంటే, మొత్తం ఫ్లీని నూరి తీసిన సారంతో చేసిన ప్రయత్నాలు నమ్మదగిన ఫలితం ఇవ్వలేదు. ఆ సారంలో అసలు దోషి అయిన లాలాజలం పాలు చాలా తక్కువ. అదీ కాక, దీనికి నిక్కచ్చిగా పనిచేసే మార్గం మన చేతిలోనే ఉంది: ఫ్లీలే లేకుండా చేయడం. అఫోక్సొలానర్, సారొలానర్, లోటిలానర్ నెలకోసారి ఇచ్చే మాత్రలు. ఫ్లూరలానర్ మాత్ర ఒకటి దాదాపు 12 వారాలు పనిచేస్తుంది. ఫిట్స్ వచ్చిన కుక్కలకు ఈ కుటుంబం మందులు జాగ్రత్తగా ఆలోచించి ఇవ్వాలి, అమెరికాలోని ఎఫ్‌డీఏ 2018లో దీనిపై హెచ్చరిక ఇచ్చింది. ఇంట్లో పిల్లి ఉంటే పెర్మెత్రిన్ ఉన్న చుక్కల మందు బ్రూనోకు కూడా వేయకండి, అది పిల్లులకు విషం.

ఒక నెల వేసి 'పనిచేయలేదు' అని వదిలేయడం నేను తరచుగా చూసే సంగతి. ఒక ఆడ ఫ్లీ రోజుకు 40 నుంచి 50 గుడ్లు పెడుతుంది. అవి కుక్క ఒంటి మీంచి రాలి, పడుకునే బట్టల్లో, కార్పెట్ మూలల్లో పొదుగుతాయి. గూడు కట్టుకున్న దశలో నెలల తరబడి కదలకుండా ఉండి, మనిషో కుక్కో నడిచిన అదురుకు బయటికొస్తాయి. గూడు దశలో ఉన్నవాటిని మామూలు మందులు చంపలేవు. అందుకని ఇంట్లోని కుక్కలు, పిల్లులు అన్నిటికీ ఒకేసారి, కనీసం మూడు నెలలు, ఒక్క నెల కూడా తప్పకుండా ఇవ్వాలి. పడక బట్టలు వేడినీళ్లలో ఉతకాలి, వాక్యూమ్ చేయాలి. అలర్జీ ఉన్న కుక్కకు ఆ తర్వాత కూడా ఏడాది పొడుగునా ఆపకూడదు. ఈలోగా గీరుకుని పుండ్లు పడితే సూక్ష్మజీవుల ఇన్ఫెక్షన్ చేరుతుంది. దాన్ని విడిగా చూపించి తగ్గించుకోవాలి, లేకపోతే ఫ్లీలు పోయినా దురద పోదు.

మిగిలింది బొద్దింక, డస్ట్ మైట్. డస్ట్ మైట్ కీటకం కాదు, ఎనిమిది కాళ్ల సాలీడు జాతి. అయినా బొద్దింకలోనూ అందులోనూ ట్రోపోమయోసిన్ అనే పోలికున్న కండర ప్రోటీన్ ఉంటుంది కాబట్టి ఒకదానికి అలర్జీ ఉంటే రెండోది కూడా పాజిటివ్ రావడం మామూలే. ఇవి చర్మం ద్వారా, శ్వాస ద్వారా ఒంట్లోకి చేరి అటోపిక్ దురదను, అంటే చుట్టూ ఉండే దుమ్ము లాంటి వాటికి అలర్జీ వల్ల ఏళ్ల తరబడి సాగే దురదను, రేపుతాయి. ఆ దురద ఉండే చోట్లు వేరు: పాదాలు, చంకలు, చెవులు, మూతి, పొట్ట కింద. బ్రూనోకు తోక మొదట్లోనే ఉందంటున్నారు. పాదాలు నాకడం, చెవులు గోక్కోవడం లేకపోతే రిపోర్టులోని ఆ రెండు గీతలకు ఇప్పుడు వైద్యం అక్కర్లేదు. ఏ బాధా లేని కుక్కలకు కూడా ఈ పరీక్షల్లో పాజిటివ్‌లు వస్తుంటాయి. పరీక్షను బట్టి జబ్బును నిర్ణయించరు. జబ్బు ఇదేనని తేలాక, సీసాలో ఏమేం వేయాలో ఎంచుకోవడానికే ఆ పరీక్ష.

ఒకవేళ మూడు నెలలు ఫ్లీలను గట్టిగా ఆపినా పాదాలు, చెవులు దురద పెడుతూనే ఉంటే, ఆహార అలర్జీ లేదని తేల్చుకుని, అప్పుడు మైట్లకు ఇమ్యునోథెరపీ ఆలోచించండి. అది నిజంగా మంచి వైద్యమే. సగం నుంచి మూడింట రెండు వంతుల కుక్కలకు చెప్పుకోదగ్గ మేలు జరుగుతుంది. ఇంజెక్షన్‌గా ఇవ్వొచ్చు, నోట్లో చుక్కలుగానూ ఇవ్వొచ్చు. ఓపిక మాత్రం కావాలి. ఏడాది గడవకముందే లాభం లేదని మానేయకూడదు. ఆ ఏడాదీ కుక్క బాధపడాల్సిన పని లేదు. ఓక్లాసిటినిబ్ మాత్రలు గానీ, లోకివెట్‌మాబ్ ఇంజెక్షన్ గానీ పక్కన నడుపుతూ దురదను అదుపులో పెట్టొచ్చు. ఇవి ఇమ్యునోథెరపీకి అడ్డు రావు. ఇక్కడే ఒక చిన్న మాట. ఈ మధ్య పురుగుల ప్రోటీన్‌తో చేసిన కుక్కల ఆహారం అలర్జీకి మంచిదని అమ్ముతున్నారు. మైట్లకు గట్టిగా పాజిటివ్ ఉన్న కుక్కకు, ఆ ట్రోపోమయోసిన్ పోలిక వల్లే, దాన్ని ఆలోచించకుండా పెట్టకండి.

నాలుగూ ఒకే సీసాలో ఎందుకు వద్దో ఇప్పుడు మీకు తెలిసిపోయే ఉంటుంది. విషం ఇచ్చే తీరు, మోతాదు, జాగ్రత్త వేరు. మైట్ల మందు పెంచే తీరు వేరు. కలిపి వేశాక రియాక్షన్ వస్తే దేనివల్ల వచ్చిందో తేల్చలేం. దానికి తోడు బొద్దింక సారంలో ప్రోటీన్లను కొరికేసే ఎంజైములు ఉంటాయి, అవి పక్కనున్న వాటి బలాన్ని తగ్గించేస్తాయి.

మీరు చేయాల్సిన పని వరుసగా: ఈ వారమే ఎపినెఫ్రిన్ పెన్ తెచ్చుకుని వాడటం నేర్చుకోండి. ఫ్లీ మందు ఈరోజే మొదలుపెట్టండి, విషం పరీక్ష కోసం ఆగక్కర్లేదు. కుట్టి ఆరు వారాలు అయ్యాక, విషంతో ఇమ్యునోథెరపీ చేసిన అనుభవం ఉన్న చర్మవ్యాధుల వెటర్నరీ డాక్టర్‌ను కలవండి. దగ్గర్లో లేకపోతే మీ డాక్టర్‌ను ఫోన్‌లో వాళ్లతో మాట్లాడమనండి, చాలామంది సాయం చేస్తారు. మామూలు టీకాలను, అలర్జీ ఇంజెక్షన్‌ను ఒకే రోజు వేయించకండి. ఏదైనా రియాక్షన్ వస్తే దేనివల్లో తెలియాలి కదా.

రిపోర్టులో తేనెటీగ పక్కన విషం అని రాసి ఉందో లేదో, ఆ రోజు ఏఎల్‌టీ ఎంత వచ్చిందో, బ్రూనో పాదాలు నాకుతున్నాడో లేదో ఇక్కడే రాయండి. కుట్టి ఎన్ని వారాలైందో కూడా చెబితే పరీక్ష ఎప్పుడు చేయించాలో లెక్కగట్టి చెబుతాను.